దోమతెరలో పన్నెండు కోళ్ళు

ఆవిడ ఆరోగ్య ఆఫీసులో ఇరవై రెండేళ్ళు నేల ఊడ్చింది. ఆ ఇరవై రెండేళ్ళలో ఆఫీసర్లు తొమ్మిది మంది మారారు, ఒక్కరూ ఆవిడ పేరు అడిగిన పాపాన పోలేదు. పన్నెండు కోళ్ళను అప్పగించాక మాత్రం వీధి వీధంతా "కోళ్ళ పిన్ని" అని పిలవడం మొదలుపెట్టింది. ఆవిడకు ఆ పిలుపు చచ్చేంత ఇష్టం. కోళ్ళ పుణ్యమా అని తననూ నలుగురు పలకరిస్తున్నారని మురిసిపోయేది.

అవి అల్లాటప్పా కోళ్ళు కావు. ప్రభుత్వం వారి కోళ్ళు. అన్నీ తెల్లవి, అన్నీ పెట్టలు, ఒక్కోదాని కాలికి ఒక్కో నంబరు రింగు. ఊళ్ళోని మురుగు కాలువలన్నీ చేరే మడుగు గట్టు మీద, నీళ్ళ పంపుల షెడ్డు వెనక, నాలుగు ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన జాలీ గూడులో వాటి కాపురం. చుట్టూ రెల్లు, కింద బురద, సాయంత్రమైతే చెవుల్లో దూరే దోమల రొద. పోయి పోయి ఆ చోటే ఎందుకు దొరికిందో, కాస్త పొడిగా ఉండే జాగా ఊళ్ళో ఎక్కడా లేదా అని ఆవిడకు ఆశ్చర్యంగా ఉండేది. కానీ ఆఫీసులో అన్ని పనులూ అలాగే ఏడుస్తాయి కాబట్టి ఇదీ అలాంటిదేలే అనుకుని ఊరుకుంది.

ప్రతి సోమవారం ఉదయం ఎనిమిదింటికి ల్యాబు నుంచి ఒకాయన మోపెడ్ మీద వచ్చేవాడు. రిటైర్ కావడానికి మూడేళ్ళున్న మనిషి, బక్కపలచన, చెవుల మీద తప్ప తల మీద వెంట్రుక లేదు. ఆయనకు ఆవిడే సూదయ్య అని పేరు పెట్టింది. ఆవిడ ఒక్కో కోడినీ చంకలో ఇరికించుకుని రెక్క ఎత్తి పట్టుకునేది. ఆయన రెక్క కింద నరంలో సూది గుచ్చి, చిటికెడు రక్తం తీసి, గొట్టం మీద నంబరు రాసేవాడు.

"నెమ్మది సూదయ్యా, అది మొన్నటినుంచి మూడు గుడ్లు పెట్టింది, ఓపిక తక్కువగా ఉంది."

"నాకు సుగరు అక్కా. నా ఓపిక సంగతి ఎవరూ అడగరు."

"నువ్వు గుడ్లు పెట్టు, అడుగుతా."

ఇలా ఉండేది వాళ్ళ సోమవారం. రక్తం ఎందుకు తీస్తారో సూదయ్య ఎప్పుడూ చెప్పలేదు. ఆయన దృష్టిలో అది అందరికీ తెలిసిన విషయం. ఆవిడ దృష్టిలో కూడా అది తెలిసిన విషయమే. మనుషులకు జబ్బు చేస్తే రక్తం పరీక్ష చేస్తారు, ప్రభుత్వం వారి కోళ్ళు కాబట్టి వారం వారం చేస్తున్నారు. ఇద్దరికీ తెలిసిన విషయాలు రెండూ వేరు వేరని ఇద్దరికీ తెలియదు. తెలివైనవాళ్ళు నిండిన ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియలేదు.

కోళ్ళు చేతికొచ్చిన మొదటి ఏడాది వానాకాలంలో ఒక సోమవారం సూదయ్య నాలుగో నంబరును, తొమ్మిదో నంబరును బుట్టలో పెట్టుకుని, కొత్తవి రెండు వదిలాడు. "వీటి రక్తంలో రోగం కనిపించింది అక్కా, మార్చాలి" అన్నాడు. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాలుగో నంబరు ఆవిడ చేతి మీద దాణా తినే కోడి. పొద్దున కూడా తిన్నది. ఆ వారమే వీధిలోకి పొగమందు బండి వచ్చి ఇళ్ళన్నీ పొగతో నింపింది, మైకులో ఎవరో ఏదో అరుచుకుంటూ వెళ్ళారు. బండికీ నాలుగో నంబరుకూ సంబంధం ఉందని ఆవిడకు తట్టనే లేదు. ఆవిడ బాధలో ఆవిడ ఉంది. దానికి తోడు అదే నెలలో గూట్లో పాము దూరి ఇంకో కోడిని చంపింది. ఆఫీసరు పిలిపించి నలుగురిలో కడిగేశాడు.

"నీకు అప్పగించింది పన్నెండు కోళ్ళమ్మా, పన్నెండు ఏనుగులు కాదు. ఆ మాత్రం చూసుకోలేవా? వచ్చే ఏడు ఒక్క కోడికి కూడా జబ్బు చెయ్యకూడదు, ఒక్కటి కూడా చావకూడదు. ఏం జరిగినా బాధ్యత నీదే."

ఆవిడ తల వంచుకుని వచ్చేసింది. ఆ మాట మాత్రం ఎక్కడో దిగబడిపోయింది. పని విషయంలో ఆవిడకు ఒక మాట అనిపించుకోవడం అలవాటు లేదు. మొగుడు ఆఫీసు జీపు డ్రైవరు. గుండె ఆగి స్టీరింగు మీదే వాలిపోతే, ఆయన బదులు ఈవిడకు చీపురిచ్చారు. అప్పటికి కూతురికి మూడేళ్ళు. ఆ చీపురుతోనే పిల్లను పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది. అల్లుడు లారీ మీద నెలకు ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు, కూతురు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ముగ్గురూ ఈవిడ ఇంట్లోనే ఉంటారు. ముగ్గురంటే మూడోది మనవరాలు. ఏడేళ్ళది. పొద్దున కళ్ళు తెరిస్తే రాత్రి మూసేదాకా నోరు మూతపడదు కాబట్టి ఇంటిల్లిపాదీ దాన్ని గలాటా అనేవాళ్ళు. స్కూల్లో టీచరు కూడా హాజరు పిలిచేటప్పుడు పొరపాటున ఒకసారి గలాటా అని పిలిచిందని, అది పలికిందని, వీధంతా చెప్పుకుని నవ్వారు.

రెండో ఏడు వానలు మొదలయ్యాయి. ఆరో రోజు సాయంత్రం నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన కోళ్ళ పిన్ని గూడు ముందు నిలబడి నోరు వెళ్ళబెట్టింది. కోళ్ళ తురాయిల మీద, కళ్ళ చుట్టూ, దోమలు నల్లగా ముసిరి ఉన్నాయి. పాపం అవి తలలు విదిల్చి విదిల్చి అలిసిపోయి, కళ్ళు మూసుకుని కుట్టించుకుంటున్నాయి. నాలుగో నంబరుకు రోగం ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకు ఆ క్షణంలో తెలిసిపోయింది. ఆఫీసులో ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఈ చిన్న సంగతి ఎవరికీ తట్టలేదేమిటని వాళ్ళ మీద జాలి కూడా పడింది.

ఇంటికి వచ్చి పెట్టె తీసింది. అడుగున కూతురు చిన్నప్పటి దోమతెర ఉంది. ఫ్యాను కొన్నాక దాన్ని ఎవరూ కట్టలేదు. తెర లోపల గాలాడదని గలాటా గోల పెట్టడంతో అది పెట్టెలోనే ఉండిపోయింది. కోళ్ళ పిన్ని దాన్ని ఉతికి, కొలతలు తీసి, నాలుగు పలకలుగా కత్తిరించి, గూటికి సరిగ్గా సరిపోయేలా రెండు రోజులు కూర్చుని చేత్తో కుట్టింది. అంచుకు గుడ్డపట్టీ వేసి, తాడు దూర్చింది. తాడు లాగితే కింద ముడుచుకుంటుంది, వదిలితే వదులై పైకి ఊడి వస్తుంది. కుట్లు చూసి, కాలర్లు కుట్టే కూతురు కూడా తల ఊపింది.

"మా ఫ్యాక్టరీకి రా అమ్మా, కోళ్ళకెందుకు ఈ పనితనం?"

"నీకు తెలీదులే. ఆఫీసరు మళ్ళీ నోరెత్తకూడదు."

ఆ రోజు నుంచి సాయంత్రం ఐదున్నరకు తెర దించడం, తెల్లవారగానే చుట్టి, మడతపెట్టి, దాణా డబ్బా మీద పెట్టడం. ఎండకు పాడైపోతుందని పగలు ఉంచేది కాదు. సూదయ్య వచ్చేసరికి గూడు ఎప్పటిలాగే ఉండేది. దాచాలని ఆవిడ అనుకోలేదు, అడగాలని ఆయనకు తోచలేదు. వానాకాలం నడుస్తున్న కొద్దీ కోళ్ళు నిగనిగలాడాయి. గుడ్లు పెరిగాయి. ఆఫీసులో పంచుకునేటప్పుడు గుమస్తాకు కూడా రెండు దక్కడం మొదలైంది.

"ఏం పెడుతున్నావక్కా వీటికి? పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి" అన్నాడు సూదయ్య.

"కంటికి రెప్పలా చూసుకుంటున్నా."

"అలాగే చూసుకో. ఈ ఏడు నీ వైపు ఒక్క గొట్టం కూడా చెడ్డగా రాలేదు."

ఒక వారం, రెండు వారాలు, ఎనిమిది వారాలు. మడుగు వైపు కోళ్ళ రక్తం కడిగిన ముత్యంలా వచ్చింది. ఊరికి అవతల, ఇటుక బట్టీల దగ్గరి గూట్లో మూడు కోళ్ళను మార్చారట. ఉన్న ఒక్క పొగమందు బండినీ అటే పంపారు. నెల మీటింగులో ఆఫీసరు అందరి ముందూ కోళ్ళ పిన్నిని లేపి నిలబెట్టి, "పని అంటే ఇలా చెయ్యాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో ఆవిడ కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆ సాయంత్రం కోళ్ళకు దాణా ఒక గుప్పెడు ఎక్కువ వేసింది.

తొమ్మిదో వారంలో, వీధి మూల వెల్డింగ్ షాపతని నాలుగేళ్ళ కొడుక్కి జ్వరం వచ్చింది. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు పిల్లాడు లేడు.

వీధి దిమ్మెరపోయింది. మొన్న ఇనుప రజను మీద బొమ్మ కారు తోస్తూ తిరిగిన పిల్లాడు. ఏమైందో అడిగితే ఆసుపత్రిలో మెదడువాపు అన్నారట. ఆ మాట ఆ ఇంటి వరకే అనుకున్నారు అందరూ. శుక్రవారం గలాటాకు ఒళ్ళు వెచ్చబడింది. తల పగిలిపోతోందని ఏడ్చింది. మామూలు జ్వరమేనని మాత్ర వేశారు. ఆదివారం పొద్దున పాలగ్లాసు పట్టుకుని అమ్మమ్మ వైపు చూసి, "టీచర్, నేను ఇంటికి వెళ్తా" అంది.

"ఇల్లేనే ఇది, పిచ్చిదానా" అని నవ్వబోయింది ఆవిడ. నవ్వు నోట్లోనే ఆగిపోయింది. పిల్ల చూపు ఆవిడ మీద లేదు, ఆవిడ వెనకాల గోడ మీద ఉంది. గ్లాసు జారింది. మెడ కర్రలా బిగుసుకుంది, చేతులు కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది. కూతురు కేక వేసింది. ఆ కేక ఎలా ఉందంటే, పక్కింటివాళ్ళు తలుపు తట్టకుండా తోసుకుని వచ్చారు.

పిల్లల వార్డులో ఆరు మంచాలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. కోళ్ళ పిన్ని ఒక్కో మంచం పక్కనున్న తల్లిని చూసింది. అందరూ తెలిసినవాళ్ళే. పంపుల షెడ్డు ఎదుట ఉండేవాళ్ళు, వెనక వీధివాళ్ళు, స్కూలు పక్కవాళ్ళు. ఆరుగురూ మడుగు వైపు వాళ్ళే. ఇటుక బట్టీల వైపు నుంచి ఒక్కరూ లేరు.

డాక్టరమ్మ కుర్రదే, రెండు రోజులుగా ఇంటికి వెళ్ళనట్టుంది, కళ్ళ కింద నల్లగా ఉంది. పిల్ల వెన్నులోంచి నీరు తీసి పంపాక కారిడార్లోకి వచ్చి కూతురితో మాట్లాడింది. కోళ్ళ పిన్ని పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది.

"దోమ వల్ల వచ్చే జ్వరం ఇది. క్రిమి మెదడుకెక్కింది. దీనికి విరుగుడు మందు లేదమ్మా, నీళ్ళెక్కిస్తాం, ఫిట్స్ రాకుండా చూస్తాం, మిగతాది పిల్ల శరీరం చెయ్యాలి. నాకు అర్థం కానిది ఒకటే. ఈ జ్వరం వస్తోందని ముందే తెలియాలి. మీ వైపు కోళ్ళు అసలేం చెప్పలేదు."

"కోళ్ళేంటి?" అంది కూతురు.

"మడుగు దగ్గర ఆరోగ్య ఆఫీసు వాళ్ళు కోళ్ళని పెడతారు కదా. ఈ జ్వరం వాటిని ఏమీ చెయ్యదు. కానీ క్రిమి ఉన్న దోమ కుడితే వారం పది రోజుల్లో వాటి రక్తంలో గుర్తు పడుతుంది. పిల్లలకి రాకముందే మనకి తెలుస్తుంది. వెంటనే బండి పంపి పొగ కొడతారు, సాయంత్రాలు పిల్లల్ని బయట తిప్పొద్దని మైకులో చెప్తారు. పోయినేడు అలాగే కాపాడాం, ఒక్క కేసు కూడా రాలేదు. ఈ ఏడు ఎనిమిది వారాలు శుభ్రం అని రాశారు. ఎలా శుభ్రమో నాకు తెలీదు."

గోడకు ఆనుకున్న మనిషి నోరు తెరిచింది.

"అయితే... కోడిని దోమ కుట్టాలా, డాక్టరమ్మా?"

"కుట్టాలి కదా మరి. వాటిని అక్కడ పెట్టేదే అందుకు."

పిడుగు మీద పడితే మనిషి కూలిపోతాడంటారు. ఆవిడ కూలలేదు. అలాగే నిలబడింది. డాక్టరమ్మ వెళ్ళిపోయింది, కూతురు లోపలికి వెళ్ళింది, స్ట్రెచర్ ఒకటి ఆవిడ కాలి మీదుగా పోయింది, ఆవిడ కదల్లేదు. పోయినేడు కాపాడాం. ఎవరు కాపాడారు? నాలుగో నంబరు. ఆ కోడి కోసం తను ఏడ్చింది. అది కుట్టించుకుంది కాబట్టి వీధిలో పిల్లలు బతికారు. ఈ ఏడు ఒక్క దోమ కూడా దూరకుండా తను తాడు బిగించింది. కుట్లు ఎంత దగ్గరగా వేసిందో ఆవిడ వేళ్ళకు గుర్తొచ్చింది. తన చేతులను తనే చూసుకుని ఆవిడ భయపడింది. బొమ్మ కారు తోసుకుంటూ తిరిగిన పిల్లాడు కళ్ళ ముందుకొచ్చాడు.

మధ్యాహ్నం మడుగు దగ్గరికి నడిచి వెళ్ళింది. కోళ్ళు ఆవిడను చూసి ఎప్పటిలాగే జాలీ దగ్గరికి గుమిగూడాయి. దోమతెర దాణా డబ్బా మీద మడత నలగకుండా ఉంది. దాని సంగతి కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. కూతురు ఇంకా తెరనూ జ్వరాన్నీ కలిపి చూసుకోలేదు. అగ్గిపుల్ల గీస్తే రెండు నిమిషాల పని. ఆ ఆలోచన ఆవిడకు వచ్చింది, రాలేదని ఎవరైనా అంటే అది అబద్ధం. పంపుల షెడ్డు గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ మడతను చూసింది. ఆ సాయంత్రం తెర దించలేదు.

సోమవారం సూదయ్య రాలేదు. ఎనిమిదిన్నర దాకా చూసి, ఆవిడ దోమతెరను చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది.

ఆఫీసు గేటు దగ్గరే గొడవ వినిపించింది. మడుగు వైపు జనం నలభై మంది దాకా హాలులో ఉన్నారు. మధ్యలో సూదయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. వెల్డింగ్ షాపతను ఆయన మీద మీదకు వస్తున్నాడు.

"మా వైపు గూటికి వెళ్ళకుండా ఇంట్లో కోడి రక్తం పట్టి పంపావు! ఎనిమిది వారాలు! నా కొడుకు పోయాడు, నీకు తెలుసా?"

"వెళ్ళాను బాబూ. ప్రతి వారం వెళ్ళాను. ఆ రక్తమే పంపాను" అంటున్నాడు సూదయ్య. గొంతు పీలగా వస్తోంది.

ఆఫీసరు బల్ల వెనక నుంచి చెయ్యెత్తాడు. "ఈయన మీద విచారణ వేస్తున్నాం. ఇవాళ్టి నుంచి విధుల్లో ఉండడు. మళ్ళీ రక్తం తీయించి పరీక్ష చేయిస్తాం. అంతవరకు కాగితం ప్రకారం మీ వైపు వ్యాధి లేదు. బండి ఇటుక బట్టీల వైపే ఉంటుంది. రూలు అది."

"ఆరుగురు పిల్లలు ఆసుపత్రిలో ఉంటే కాగితమేంటి సార్?" అని ఎవరో ఆడమనిషి అరిచింది.

"వాళ్ళకి ఎక్కడ కుట్టిందో మనకేం తెలుసమ్మా? కోళ్ళు లేదంటున్నాయి."

కోళ్ళ పిన్ని జనాన్ని తోసుకుంటూ వెళ్ళి దోమతెరను బల్ల మీద పెట్టింది. మడత విప్పింది. నాలుగు పలకలు, గుడ్డపట్టీ, తాడు. చూసినవాళ్ళకు అదేమిటో అర్థం కాలేదు.

"కోళ్ళు ఏమీ అనలేదు సార్. వాటి నోరు నేను కట్టేశాను. రోజూ సాయంత్రం గూటికి ఇది కట్టాను. ఒక్క దోమ కూడా వాటి మీద వాలలేదు. సూదయ్య తీసిన రక్తం ఆ కోళ్ళదే. ఆయన తప్పేం లేదు."

ఆఫీసరు దోమతెరను చూశాడు, ఆవిడను చూశాడు, మళ్ళీ దోమతెరను చూశాడు.

"ఇది కట్టమని నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్పారు సార్. ఒక్క కోడికి కూడా జబ్బు చెయ్యకూడదన్నారు."

మొన్న చప్పట్లు కొట్టినవాళ్ళలో నలుగురు అదే హాలులో ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. సూదయ్య కుర్చీలోంచి నెమ్మదిగా అన్నాడు. "నేను చూశానక్కా. దాణా డబ్బా మీద ఉండేది, ప్రతి సోమవారం. నీ దుప్పటేమో అనుకున్నా. ఒక్క మాట అడిగి ఉంటే..." ఆయన ముఖం రెండు చేతులతో మూసుకున్నాడు.

వెల్డింగ్ షాపతను మాత్రం అరవలేదు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అందరూ కొడతాడేమో అనుకున్నారు. ఆవిడ కూడా అనుకుంది, పక్కకు జరగలేదు.

"ఎప్పట్నుంచి కట్టావు పిన్నీ?"

"వానలు మొదలైన వారం నుంచి."

అతను వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టాడు. ఎక్కడో ఒక వేలి దగ్గర ఆగిపోయాడు. ఆ చేతిని అలాగే పిడికిలి బిగించి, జనంలోంచి బయటకు వెళ్ళిపోయాడు. కొట్టి ఉంటే ఆవిడకు బాగుండేది.

పొగమందు బండి ఆ మధ్యాహ్నమే మడుగు వైపు తిరిగింది. మైకు వీధి వీధికీ వచ్చింది. ఇది ఇంత తేలిక పని అయినప్పుడు పొద్దుటిదాకా రూలు ఎందుకు అడ్డం వచ్చిందో అడిగేవాళ్ళు అడిగారు, జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఆ తరవాత కొత్తగా ఇద్దరు పిల్లలు ఆసుపత్రిలో చేరారు, ఇద్దరూ అంతకుముందే దోమకాటు తిన్నవాళ్ళని డాక్టరమ్మ చెప్పింది. మూడో వారం నుంచి ఎవరూ రాలేదు.

ఆ రోజు ఆఫీసు నుంచి ఆవిడ నేరుగా వార్డుకు వెళ్ళింది. ఈ సంగతి కూతురు ఇంకొకరి నోట వినకూడదని ఆవిడ పట్టుదల. మంచానికి అవతల నిలబడి మొత్తం చెప్పింది. కూతురు పిల్ల పెదాలు తడిగుడ్డతో తుడుస్తూ వింది. తుడవడం ఆపలేదు. అంతా అయ్యాక తల ఎత్తకుండా అంది.

"నా దోమతెరేగా అది."

"అవునమ్మా."

"కోళ్ళకి కట్టావు. దీనికి కట్టలేదు."

గట్టిగా కూడా అనలేదు. గాలాడదని పిల్లే వద్దందని ఆవిడ చెప్పొచ్చు. మనకు ఫ్యాను ఉంది కదా అని నువ్వే అన్నావని చెప్పొచ్చు. రెండూ నిజాలే. ఆవిడ నేల మీద కూర్చుంది. పన్నెండు రోజులు అలాగే మంచం పక్కన నేల మీదే కూర్చుంది, పొద్దునా సాయంత్రం కోళ్ళ దగ్గరికి వెళ్ళి రావడానికి తప్ప లేవలేదు. కూతురు తిండి తెచ్చి పక్కన పెట్టేది. మాట్లాడేది కాదు.

పదమూడో రోజు పిల్ల కళ్ళు తెరిచింది. అందరినీ చూసింది. ఎవరినీ పిలవలేదు. బతికిందని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పి, మిగతాది చెప్పడానికి కూతుర్ని గదిలోకి తీసుకెళ్ళింది. నలభై రోజులకు ఇంటికి తెచ్చారు. కుడి కాలు ఈడుస్తుంది. కుడి చెయ్యి సరిగా లేవదు. మాట ఒక్కోటి వెతుక్కుని వెతుక్కుని చెప్తుంది, మధ్యలో అలిసిపోయి వదిలేస్తుంది. దాన్ని గలాటా అని పిలవడం ఎవరూ అనుకోకుండానే అందరూ మానేశారు.

కోళ్ళ పిన్నిని పనిలోంచి తీసేస్తారనే అనుకున్నారు. ఆఫీసరుకే బదిలీ వచ్చింది. కొత్తాయన కాగితాలన్నీ చదివి, కోళ్ళను ఎవరికి అప్పగించాలని అడిగితే మళ్ళీ పనిలో చేరిన సూదయ్య ఆవిడ పేరే చెప్పాడు. "ఆ కోళ్ళు ఎందుకో ఈ ఊళ్ళో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు సార్" అన్నాడు. ఆవిడ వద్దనలేదు. వెల్డింగ్ షాపు ముందు నుంచి వెళ్ళడం మానేసి, పంపుల షెడ్డుకు చుట్టుదారిలో వెళ్ళేది.

మళ్ళీ వానలొచ్చాయి. కూతురికి సాయంత్రం షిఫ్టు పడింది, పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆవిడ గూటి దగ్గరికి వెంట తీసుకువెళ్ళాల్సి వచ్చింది. ఒకసారి వచ్చి పోయిన ఒంటికి ఈ జ్వరం మళ్ళీ రాదని డాక్టరమ్మ ఒట్టేసినంత గట్టిగా చెప్పింది. అయినా పిల్లకు కాళ్ళ దాకా, చేతుల దాకా బట్టలు తొడిగి, పైన పలచటి గుడ్డ కప్పి, పక్కన కూర్చోబెట్టుకుంది. వెలుతురు తగ్గింది. రెల్లులోంచి దోమలు లేచాయి. కోళ్ళు గూట్లో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. తురాయిల మీద నల్లటి చుక్కలు వాలడం ఇద్దరికీ కనబడింది. ఏడో నంబరు తల విదిల్చింది. మళ్ళీ విదిల్చింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. రోజూ ఇలా చూడడమే ఆవిడ ఉద్యోగం ఇప్పుడు. అలవాటవుతుందనుకుంది, అవలేదు.

పిల్ల ఎడమ చెయ్యి చాపి, జాలీ సందులోంచి ఏడో నంబరు మీది దోమను తోలబోయింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు తల్లీ."

పిల్ల మాట కోసం వెతుక్కుంది. చాలాసేపు పట్టింది.

"కు... కుడుతోంది... అమ్మమ్మా."

"కుట్టనీ" అంది ఆవిడ, చెయ్యి వదలకుండా.